రెండో ఆదివారం, పది నుంచి అయిదు

రాజధాని నుంచి
జూన్ 2

అక్కకు,

నేను క్షేమం. ఉద్యోగం దొరికింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీయే. మన ఊళ్ళో ఉన్నవి రెండే లిఫ్టులు, ఆస్పత్రిలో ఒకటి, బ్యాంకులో ఒకటి. ఇక్కడ నా ఒక్కడి వంతుకే ముప్పై ఎనిమిది వచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఇరుక్కుపోతూనే ఉంటారు.

గది కూడా దొరికింది. లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు. నవ్వుకో. కిటికీ తీస్తే ఎదుటి ఇంటి గోడ, ఆ గోడ మీద ఒక తుప్పు పట్టిన గొట్టం. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కుర్చీ. కుర్చీ ఒకటే కాబట్టి ఎవరినీ ఇంటికి పిలవాల్సిన పని లేదు.

అసలు సంగతి. విడాకుల కాగితాలు చేతికొచ్చాయి. నెలకొకసారి, రెండో ఆదివారం, పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా పిట్ట నా దగ్గర ఉండొచ్చు. వాళ్ళమ్మే తీసుకొచ్చి దింపుతుంది, ఆవిడే వచ్చి తీసుకెళ్తుంది. వాళ్ళు ఈ ఊరు వచ్చేశారనే కదా నేనూ వచ్చాను. కానీ అక్కా, తొమ్మిదేళ్ళ పిల్లతో ఏడు గంటలు ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాలేదు. అది ఒక మూల బొమ్మలు గీసుకునేది, నేను ఒక మూల ఏదో విప్పుకుంటూ కూర్చునేవాణ్ణి. అదే కలిసి ఉండటం అనుకునేవాళ్ళం.

ఈ గదికి తీసుకురాలేను. నువ్వు ఇరవై రెండేళ్ళు బడి పిల్లల్ని విహారయాత్రలకని ఇక్కడికే తోలుకొచ్చావు కదా. మ్యూజియాలు, పార్కులు అన్నీ నీకు కొట్టిన పిండి. ముందు ఎక్కడికి వెళ్ళాలో, ఎలా వెళ్ళాలో వివరంగా రాయి. వచ్చే ఆదివారమే మొదటిసారి.

తమ్ముడు


ఇంటి నుంచి
జూన్ 5

తమ్ముడికి ఆశీస్సులు.

ముందు బూట్ల సంగతి. కొత్తవి వేసుకోకు. మ్యూజియం నేలంతా చలవరాయి, మధ్యాహ్నానికి మడమలు చచ్చిపోతాయి.

మొదటిసారికి ప్రకృతి మ్యూజియం, దాని ఆవరణలోనే ఉన్న నక్షత్రశాల చాలు. ఒకే రోజు నాలుగు చోట్లు చూపించాలని తాపత్రయపడకు. తలుపులు తెరిచే వేళకే గేటు దగ్గర ఉండు. పదిన్నరకి బస్సులు వచ్చి పడతాయి, ఆ తర్వాత నీకు కనపడేవి పిల్లల తలకాయలే. లోపలికి అడుగు పెట్టగానే అందరూ కుడివైపు తిమింగలం దగ్గరికి పరుగెడతారు. మీరు ఎడమకి తిరగండి. రాళ్ళ గది ఖాళీగా ఉంటుంది. చీకట్లో మెరిసే రాళ్ళకి ఒక చిన్న అర ఉంది, గోడ మీద మీట నొక్కాలి. తిమింగలాన్ని తర్వాత చూడొచ్చు, అది ఎక్కడికీ పోదు.

తినడానికి క్యాంటీనుకి వెళ్ళకు. రొట్టె, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు సంచిలో పెట్టుకో. ఫౌంటెన్ దగ్గర మూడు బెంచీలుంటాయి, నడిమి దానికే నీడ. పన్నెండున్నరకి నక్షత్రశాలలో ఆట. వెనక వరసలో కూర్చోండి, ముందు కూర్చుంటే మెడ పట్టేస్తుంది.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. దేని ముందైనా నిలబెట్టి "ఇదేంటో చెప్పుకో" అని అడక్కు. పరీక్షలు పెట్టడానికి దానికి బడి ఉంది. అది ఎక్కడ ఆగితే నువ్వూ అక్కడ ఆగు. అంతే.

నా తుంటి నొప్పి అలాగే ఉంది. మెట్లు ఎక్కడం మానేసి మేడ మీద గదికి తాళం పెట్టాను. డాక్టరు కర్ర పట్టుకోమంటున్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టడానికి పట్టుకున్న కర్ర, ఇప్పుడు నన్ను నిలబెట్టడానికి పట్టుకోవాలి.

అంతా అయ్యాక ఏమేం చూశారో, పిట్ట ఏమందో పూసగుచ్చినట్టు రాయి. నాకిక్కడ వేరే పనేం లేదు.

అక్క


రాజధాని నుంచి
జూన్ 11

అక్కకు,

బ్రహ్మాండంగా జరిగింది. నువ్వు చెప్పినట్టే తలుపులు తెరిచేసరికి అక్కడున్నాం. ఎడమకే తిరిగాం. చీకటి అర దగ్గర మీట నొక్కితే రాళ్ళన్నీ ఆకుపచ్చగా, ఊదాగా వెలిగాయి. పిట్ట ఆ మీట తొమ్మిదిసార్లు నొక్కింది. కాపలా ఆయన దగ్గాడు గానీ ఏమీ అనలేదు.

తిమింగలం కింద నిలబడి పైకి చూసింది. పక్కటెముకలు లెక్కపెడుతోందని పెదాల కదలిక బట్టి తెలిసింది. నేను ఏమీ అడగలేదు. రొట్టె, గుడ్లు తిన్నాం. నడిమి బెంచీ దొరికింది.

నక్షత్రశాల కూడా చూశాం. దీపాలు ఆర్పగానే నక్షత్రాలు వచ్చాయి. బాగుంది.

పని ఎక్కువగా ఉంది. ఉంటాను. జూలైకి ఎక్కడికో రాయి.

తమ్ముడు


ఇంటి నుంచి
జూన్ 18

తమ్ముడికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. రాళ్ళ గురించి అంత రాసి, నక్షత్రశాలని ఒక ముక్కలో తేల్చేశావు. సరేలే.

జూలైలో చేపల మ్యూజియానికి వెళ్ళు. ఆ నెల ఎండ మండిపోతుంది, లోపల చల్లగా ఉంటుంది. మెట్లు దిగి కిందికి వెళ్తే పెద్ద గాజుగోడ, దాని ఎదురుగా గుండ్రటి బల్లలు. అక్కడ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. ఆ సౌకర్యం ఆ ఊళ్ళో ఇంకెక్కడా లేదు.

ఒంటి మీద కాస్త శ్రద్ధ పెట్టు. నిద్ర మానుకోకు.

అక్క


రాజధాని నుంచి
జూలై 16

అక్కకు,

చేపల మ్యూజియం చూశాం. రెండు టికెట్లు తీసుకున్నాను, పెద్దలది ఒకటి, పిల్లలది ఒకటి. పిల్లల టికెట్టు మీద సముద్రపు గుర్రం బొమ్మ ఉంటుంది. నువ్వు చెప్పిన గాజుగోడ దగ్గరే గంటన్నర కూర్చున్నాం.

నీకు తెలుసో లేదో, ఆ నీళ్ళలో ఒక ముసలి తాబేలుంది. వీపు మీద పాచి. అది గోడ పొడుగునా ఆ చివరికి వెళ్తుంది, ముక్కు అద్దానికి తగలగానే వెనక్కి తిరుగుతుంది. ఆ కొస నుంచి ఈ కొసకి నాలుగు నిమిషాలు. చేతి గడియారంతో చూశాను. పన్నెండింటికి ఒకాయన రబ్బరు బట్టలు వేసుకుని నీళ్ళలోకి దిగి, అద్దాన్ని లోపలి నుంచి గుడ్డతో తుడిచాడు. బయట పిల్లలు చేతులూపారు. ఆయన కూడా ఊపాడు. తర్వాత మా ఎదురుగా ఉన్న భాగం తుడుస్తూ ఆగి, నా వైపు చూసి మళ్ళీ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

పిట్ట అదే పనిగా ప్రశ్నలు. "నాన్నా, చేపలకి దాహమేస్తుందా? నాన్నా, ఆ తాబేలుకి ఇది గది అని తెలుసా, సముద్రం అనుకుంటోందా?" నాకు జవాబు తెలియక ఆ తుడిచే ఆయన్ని అడుగుదామన్నాను. భలే నవ్వింది. సాయంత్రం దాకా చాలా హుషారుగా ఉంది. అయిదింటికి వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది.

ఆగస్టులో రైల్వే మ్యూజియం అనుకుంటున్నాను. ఏమంటావు?

తమ్ముడు


ఇంటి నుంచి
ఆగస్టు 2

తమ్ముడికి ఆశీస్సులు.

రైల్వే మ్యూజియం మంచిదే. వాన పడితే షెడ్డు కింద ఉన్న పెట్టెల వైపు వెళ్ళు. కొన్ని పెట్టెల్లోకి ఎక్కనిస్తారు. బయట బొమ్మ రైలు ఉంది, చుట్టూ తిప్పి తెస్తుంది. పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

ఈసారి పిట్ట ఏమందో తర్వాత రాద్దువు. నీకేం నచ్చిందో రాయి. పోయినసారి ఆ తాబేలు సంగతి చదివాక అది నా కళ్ళ ముందే తిరుగుతోంది. అలాంటివి రాయి. పనిలో ఎలా ఉందో, ఎవరైనా పరిచయమయ్యారో, ఏం వండుకుంటున్నావో కూడా.

ఇక్కడ కబుర్లు ఏమీ లేవు. బడికి కొత్త రంగు వేశారు. గేటు దాకా వెళ్ళి చూసి వచ్చాను. నన్ను గుర్తుపట్టే వయసు పిల్లలు అందులో ఎవరూ లేరు.

అక్క


రాజధాని నుంచి
ఆగస్టు 13

అక్కకు,

ఆదివారం వాన. రైల్వే మ్యూజియంలో మనుషులే లేరు. షెడ్డు కింద పాత పెట్టె ఒకటి ఎక్కి, కిటికీ పక్కన చెక్క బల్ల మీద కూర్చున్నాను. రేకు మీద వాన చప్పుడు వింటుంటే రైలు కదులుతున్నట్టే అనిపించింది. ఎదుటి బల్ల చెక్కలో ఎవరో మేకుతో గీసిన పేరు ఉంది. సగమే గీశాడు. వాడి స్టేషను వచ్చేసి ఉంటుంది. పిట్ట కూడా బాగానే ఉంది.

పని గురించి అడిగావు కాబట్టి రాస్తున్నాను. పోయిన వారం ఒక ఆఫీసు బిల్డింగులో పెద్దాయన ఒకడు లిఫ్టులో ఇరుక్కున్నాడు. అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య. కొత్త భాగం తేవడానికి మావాడు గోడౌనుకి వెళ్ళాడు, నలభై నిమిషాలు పట్టింది. ఇలాంటప్పుడు లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే గాభరా పడిపోతారు. నేను ఆరో అంతస్తులో నేల మీద కూర్చుని తలుపు సందులోంచి మాట్లాడాను. ముందు వాతావరణం, తర్వాత ఆయన మోకాలు. తర్వాత ఆయన, "మా ఆవిడ పోయి మూడు నెలలయిందయ్యా, ఇంటికి త్వరగా వెళ్ళాలని ఏమీ లేదు, నువ్వు నింపాదిగానే చేసుకో" అన్నాడు. నేను పిట్ట గురించి చెప్పాను. ఎందుకో ఉన్నదున్నట్టు చెప్పాను. మొహం కనపడకపోతే ఎన్ని మాటలొస్తాయో. తలుపులు తెరుచుకున్నాక ఇద్దరికీ సిగ్గేసింది. ఆయన నా వైపు చూడకుండా "మంచిది" అని మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు.

వంట అంటావా, సూపు కాచుకుంటున్నాను, గిన్నె నిండా. మూడు రోజులొస్తుంది.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆగస్టు 30

తమ్ముడికి,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను. నీకు కోపం వస్తుంది. వచ్చినా ఫరవాలేదు, చదవడం మాత్రం ఆపకు.

జూన్‌లో ఆ మొదటిసారి తర్వాత పిట్ట నీతో రావడం లేదని నాకు తెలుసు.

నీ జూన్ ఉత్తరం, మీ ఆవిడ ఉత్తరం ఒకే రోజు టపాలో వచ్చాయి. ఇంకా మీ ఆవిడ అనే నా నోటికొస్తోంది, ఏమనుకోకు. రెండు కవర్లూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నక్షత్రశాలలో ఏం జరిగిందో ఆవిడ రాసింది. కోపంతో రాయలేదు. "పిల్ల రానంటోంది వదినా, నేను బలవంతం చెయ్యను, కానీ నేనే ఆపుతున్నానని ఆయన అనుకుంటారేమో, మీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను" అంది. అప్పటికే నీ ఉత్తరంలో బ్రహ్మాండంగా జరిగిందని ఉంది.

నేను ఎందుకు అడగలేదంటావా? అడిగితే నువ్వు ఉత్తరాలు మానేస్తావని భయపడ్డాను. ఇంకోటి కూడా ఉంది. నువ్వు అబద్ధం రాయడానికైనా ఆదివారం గది దాటి ఒకచోటికి వెళ్తున్నావు. ఆ ఒక్కటీ ఎందుకు చెడగొట్టాలి అనుకున్నాను.

ఆవిడ ఉత్తరం రాకపోయినా నేను కనిపెట్టేసేదాన్నే. ఇరవై రెండేళ్ళు పిల్లల్ని తిప్పాను. మ్యూజియంలో ఏ పిల్ల అయినా అడిగే మొదటి ప్రశ్న చేపలకి దాహమేస్తుందా అని కాదు, బాత్రూం ఎక్కడ అని. నీ ఉత్తరంలో పిట్ట ఏడు గంటల్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆకలని అనలేదు, కాళ్ళు పీకుతున్నాయనలేదు, విసుక్కోలేదు. అసలు మన పిట్ట అంత వాగుతుందా? పక్కటెముకలు లెక్కపెట్టిందన్నావు చూడు, ఆ పిల్ల మన పిట్ట. తాబేలు దగ్గర ఉన్న పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆ తాబేలు ప్రశ్న అడిగింది నువ్వే.

ఇంక నా దగ్గర దాచకు. నేనూ దాచను.

అక్క


రాజధాని నుంచి
సెప్టెంబరు 9

అక్కకు,

రెండున్నర నెలలు తెలిసి కూడా ఏమీ తెలియనట్టు "రైల్వే మ్యూజియం మంచిదే" అని రాశావు. నేను అబద్ధాలు రాస్తుంటే మార్కులు వేస్తూ కూర్చున్నావన్నమాట. పోనీలే. నీకు అది అలవాటైన పనే.

నిన్న రెండో ఆదివారం. ఎక్కడికీ వెళ్ళలేదు. మంచం మీద పడుకుని ఎదుటి గోడ చూశాను.

నువ్వు ఆవిడ వైపు నుంచి విన్నావు కాబట్టి నా వైపు నుంచి కూడా రాస్తాను. ఆదివారం సెలవు కావాలంటే శనివారం రెండు షిఫ్టులు చెయ్యాలన్నారు, చేశాను. ఆ కుర్చీలు వెనక్కి వాలుతాయి, నీకు తెలుసు. దీపాలు ఆర్పారు, నక్షత్రాలు వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి దీపాలు వెలిగి ఉన్నాయి, పక్క కుర్చీ ఖాళీ. హాల్లో ఎవరూ లేరు. దగ్గరున్న తలుపులోంచి బయటపడి ఆవరణ అంతా పరుగెత్తాను. ఫౌంటెన్ చుట్టూ వెతికాను. నీళ్ళలోకి కూడా చూశాను, అక్కా. గంట తర్వాత ఎవరో ఆఫీసుకి వెళ్ళమన్నారు. అప్పటికే వాళ్ళమ్మ వచ్చేసి ఉంది. పిట్ట కుర్చీలో కూర్చుని ఉంది, కాళ్ళు నేలకి అందడం లేదు. అందరూ నన్ను తలో మాటా అన్నారు. అది ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

పిల్ల తప్పిపోతే నిద్రపోయిన తండ్రి దగ్గరికి అది ఎందుకు వస్తుంది? రానందుకు దాని తప్పేమీ లేదు. అయినా ప్రతి నెలా వెళ్ళి గేటు దగ్గర పదకొండింటి దాకా నిలబడేవాణ్ణి, మనసు మార్చుకుంటుందేమోనని. తర్వాత లోపలికి వెళ్ళేవాణ్ణి. పిల్లల టికెట్టు ఎందుకు తీసుకునేవాణ్ణో నాకే తెలియదు.

కొన్నాళ్ళు ఉత్తరం రాయను. ఏమనుకోకు.

తమ్ముడు


ఇంటి నుంచి
అక్టోబరు 1

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు రాయనన్నావు గానీ నన్ను రాయొద్దనలేదు.

మార్కుల మాట గుచ్చుకుంది. నిజముంది కాబట్టే గుచ్చుకుంది. అందుకని ఈసారి నేను ఒక నిజం రాస్తాను. రాళ్ళ గది, మీట, చేపల గాజుగోడ అని నీకు పాఠంలా అప్పజెప్పాను కదా. వాటిల్లో ఏదీ నేను సరిగ్గా చూసింది కాదు. ఇరవై రెండేళ్ళు వెళ్ళాను, ప్రతిసారీ తలకాయలే లెక్కపెట్టాను. నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై. గుండె ఆగేది. మళ్ళీ నలభై ఒకటి. తిమింగలం కింద నిలబడి కూడా పైకి చూడలేదు, కిందే చూశాను. మీట సంగతి పిల్లలు తిరిగొచ్చాక రాసే వ్యాసాల్లో చదివాను. ఆ తాబేలు అక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉందో, నాకు మాత్రం నీ ఉత్తరంలోనే కనపడింది. నాకు ఇంక ఆ ఊరు వచ్చే కాళ్ళు లేవు. నీ అబద్ధపు ఉత్తరాలకి ఎందుకు ఎదురుచూశానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

రెండో సంగతి. నేను పిట్టకి ఉత్తరం రాశాను. దొంగచాటుగా కాదు, వాళ్ళమ్మని అడిగే. "నీకు నాన్న మీద కోపమా, భయమా? ఏదైనా ఫరవాలేదు, నాకు రాయి" అన్నాను, అంతే. అది రాసిన జవాబు కింద ఎత్తి రాస్తున్నాను. నీకు చూపిస్తానని దానికి చెప్పాను, సరే అంది. అసలు కాగితం నా దగ్గరే ఉంచుకుంటున్నాను, నీ గదిలో సూపు ఒలికి పాడవుతుంది.

"అత్తయ్యకి. కోపం కాదు. నాన్నకే నా మీద కోపం. ఆ రోజు నేను తప్పిపోలేదు. అందరూ తప్పిపోయావు అంటున్నారు, ఎవరూ నన్ను అడగలేదు. నక్షత్రాలు అయిపోయి లైట్లు వేశారు. అందరూ వెళ్ళిపోయారు. నాన్న లేవలేదు. మూడుసార్లు పిలిచాను. చెయ్యి పట్టుకుని ఊపాను. నాన్న నోరు తెరిచి ఉంది. నాకు భయమేసి పరుగెత్తి వెళ్ళి యూనిఫాం వేసుకున్న ఆయనకి మా నాన్న లేవట్లేదు అని చెప్పాను. ఆయన నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి చూసొచ్చి, అక్కడ ఎవరూ లేరు అన్నాడు. అమ్మ నంబరు అడిగితే చెప్పాను. తర్వాత అందరూ నాన్నని తిట్టారు. అమ్మ కూడా తిట్టింది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నాన్న మొహం ఎలాగో అయిపోయింది. అందుకే వెళ్ళట్లేదు. మళ్ళీ ఏమైనా అయితే నేను మళ్ళీ చెప్పేస్తాను."

చదివావా? ఇంకోసారి చదువు. అది నువ్వు చచ్చిపోయావనుకుంది. నాలుగు నెలలుగా నిన్ను తిట్లపాలు చేశానని కుమిలిపోతోంది, నువ్వేమో గేటు దగ్గర నిలబడి అది నిన్ను అసహ్యించుకుంటోందనుకుంటున్నావు.

నాకు జవాబు రాయక్కర్లేదు. దానికి రాయి.

అక్క


రాజధాని నుంచి
నవంబరు 11

అక్కకు,

దానికి రాశాను. "నాకు నీ మీద కోపం లేదు. నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాను." ఈ రెండు ముక్కలకి ఆరు కాగితాలు చించాను. పది రోజులకి జవాబొచ్చింది. "పాత నీళ్ళ పంపుల మ్యూజియం. బస్సు డిపో వెనక. నవంబరు." అంతే ఉంది. అలాంటిదొకటి ఉందని నీ జాబితాలో లేదు. నేనూ ఎప్పుడూ వినలేదు.

నిన్న పదింటికి ఇద్దరూ వచ్చారు. పిట్ట రెండు అంగుళాలు పెరిగింది. నా వైపు చూసింది, వెంటనే నా చొక్కా గుండీల వైపు చూసింది. వాళ్ళమ్మ, "రాత్రి పడుకున్నారా?" అంది. పడుకున్నానని చెప్పాను. షిఫ్టు ఇంకొకాయనతో మార్చుకున్నానని కూడా చెప్పాను. "అయితే అయిదింటికి" అని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, పిట్టని కాదు, నన్ను.

ఇదే ఎందుకని పిట్టని అడిగాను. "రోజూ స్కూలు బస్సులోంచి కనపడుతుంది. తలుపు తీసే ఉంటుంది. లోపలికి ఎవరూ వెళ్ళరు" అంది.

రెండే రెండు గదులు, నల్లటి పంపులు, గోడల మీద ఊరి నీటి గొట్టాల పటాలు. చూసుకునే ఆయన ఒకప్పుడు అదే పంపుల మీద పనిచేసి రిటైరైనవాడట. మమ్మల్ని చూసి లేచి నిలబడి జుట్టు దువ్వుకున్నాడు. "జనం బాగానే వస్తారా?" అని అడిగాను. "మొన్న గురువారం ఒకరొచ్చారండీ, డిపోకి దారి అడగడానికి" అన్నాడు. పిట్ట నవ్వింది. గట్టిగా కాదు, ముక్కుతో. అది నవ్వే తీరే అది, నేను రాసిన ఉత్తరాల్లో ఉన్న నవ్వు కాదు. పది నిమిషాలకి బాత్రూం ఎక్కడంది. నీ లెక్క తప్పలేదు.

ఆయన మాకు రెండు గంటలు అన్నీ చూపించాడు. మా కోసం ఒక చిన్న ఇంజను నడిపాడు. ఇత్తడి చక్రం ముందు గునిసి, దగ్గి, తర్వాత తిరగడం మొదలుపెట్టింది. పిట్ట చుట్లు లెక్కపెట్టింది. నేనూ లోపల్లోపల లెక్కపెట్టాను. తర్వాత సరిచూసుకుంటే ఆరు తేడా వచ్చింది. "నువ్వు మధ్యలో నన్ను చూశావు, అందుకే" అంది.

బయట మెట్ల మీద కూర్చుని తిన్నాం. అప్పుడు అడిగింది, రొట్టె వైపు చూస్తూ.

"నాన్నా, ఆ రోజు నువ్వెందుకు లేవలేదు?"

"ముందు రోజు చాలా పని చేశాను. ఒళ్ళు తెలియలేదు."

"నీకు కోపం రాలేదా?"

"నీ మీదా? ఒకటి చెప్తాను విను. లిఫ్టు ఆగిపోయినప్పుడు లోపల పదిమంది ఉంటారనుకో. ఒక్కరే ఎర్ర మీట నొక్కి గంట మోగిస్తారు. మిగతావాళ్ళు ఎవరో ఒకరు నొక్కుతారులే అని ఊరుకుంటారు. మేం తలుపు తీశాక ఆ నొక్కినవాళ్ళని ఏమంటామో తెలుసా?"

"ఏమంటారు?"

"మీరు నొక్కారు కాబట్టి వచ్చాం అంటాం."

అది గుడ్డు ఒలిచి రెండు ముక్కలు చేసింది. సగం గుడ్డు నా చేతిలో పెట్టింది. తర్వాత, "నీ నోరు తెరుచుకుని ఉంది" అంది. "ఊ" అన్నాను. "ఊపిరి ఆడుతోందో లేదో చూడటం నాకు రాదు. బడిలో చెప్పలేదు." నేను దాని చెయ్యి తీసుకుని నా ముక్కు కింద పెట్టుకున్నాను. "ఇలా" అన్నాను. వెచ్చగా తగిలిందని చెప్పింది. కాసేపు అలాగే ఉంచింది.

మూడున్నరకే ఇంక చూడటానికి ఏమీ మిగలలేదు. ఇంకెక్కడికైనా వెళ్దామా అంటే వద్దంది. పంపుల ఆయన దగ్గర కాగితాలు తీసుకుని ఆ మూల బొమ్మలు గీసుకుంది. ఆయన పాత కవాటం ఒకటి బిగుసుకుపోయిందంటే నేను ఈ మూల దాన్ని విప్పుతూ కూర్చున్నాను. అయిదింటి దాకా ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నాకు ఈ ఊరొచ్చాక అంత హాయైన గంటన్నర లేదు, అక్కా.

అయిదింటికి వాళ్ళమ్మ వచ్చింది. ఇద్దరూ బస్సెక్కారు. ఎక్కబోతూ పిట్ట, "వచ్చే నెల ఎక్కడికో నేనింకా అనుకోలేదు" అంది. "అనుకో, టైముంది" అన్నాను.

బస్సు మలుపు తిరిగాక ఎటు నడవాలో తోచక అక్కడే నిలబడ్డాను. చీకటి పడలేదు, ఆదివారం సాయంత్రాలు అంత త్వరగా అయిపోవు కదా. వెనక పంపుల ఆయన తలుపులు వేస్తున్నాడు.

"పాప వెళ్ళిపోయిందా అండీ?"

"వెళ్ళింది."

"మళ్ళీ వస్తుందా?"

"వస్తుంది. ఇక్కడికి కాకపోవచ్చు."

ఆయన తల ఊపి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఆయన బస్టాపూ నాదీ ఒకటే. పక్కపక్కన నడిచాం.

తమ్ముడు